కూనూరు నుంచి ఊటీకి: రైలా, బస్సా?

నీలగిరి కొండల్లోని ఈ రెండు ఊళ్ల మధ్య దూరం ఇరవై కిలోమీటర్లలోపే. రైలుకు గంట దాటుతుంది. రద్దీ లేకపోతే బస్సు అంతకంటే ముందే చేరుస్తుంది.

మనవాళ్లు చాలామంది ఆవిరి ఇంజను కోసమని ఇక్కడ రైలెక్కి నిరాశపడతారు. ఇంజను పళ్ల చక్రం పట్టాల మధ్యనున్న పళ్ల కడ్డీని పట్టుకుని ఎగబాకే ఆ ప్రయాణం కల్లార్, కూనూరు మధ్యే ఉంటుంది; అది చూడాలంటే కొండ కింద మేట్టుపాళయంలోనే ఎక్కాలి. కూనూరు దాటాక లాగేది మామూలు డీజిల్ ఇంజనే. పట్టాలు 1899లో కూనూరు దాకా, 1908లో ఊటీ దాకా వచ్చాయి. ఈ రైలుదారికి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు దక్కింది 2005లో.

అయినా ఈ ముక్క తీసిపారేసేది కాదు. వెల్లింగ్టన్, అరువంకాడు, కేత్తి, లవ్‌డేల్... ప్రతి స్టేషనూ బొమ్మరిల్లే. కేత్తి దగ్గర లోయ మొత్తం కిటికీలోకి వచ్చేస్తుంది. చిక్కల్లా టికెట్టుతోనే: రోజుకు కొన్ని రైళ్లే, సెలవుల్లో రిజర్వేషను ముందే అయిపోతుంది.

బస్సుకు ఆ బాధ లేదు. ఒకటి పోతే ఇంకొకటి. కడుపులో తిప్పేవాళ్లకు మాత్రం ఆ మలుపులు కష్టమే, ముందు సీటు చూసుకోండి. వేసవిలో ఊటీ పొలిమేరల్లో వాహనాలు బారులు తీరతాయి, అప్పుడు రైలే హాయి.

పిల్లలుంటే పైకి రైల్లో వెళ్లి, తిరుగు ప్రయాణం బస్సులో పెట్టుకోండి. ఒక్కరే పనిమీద వెళ్తుంటే ఆలోచించక్కర్లేదు, బస్సే.