లాంగ్ రైడ్‌కు ఓఆర్‌ఎస్ ప్యాకెట్: ఉప్పు లోటు తీరుస్తుంది, ఆకలి తీర్చదు

నల్గొండ నుంచి హాలియా మీదుగా సాగర్ రోడ్డెక్కినా, మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల దాటి 44వ నంబరు హైవే పట్టినా ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఎనిమిది దాటితే ఎండ నెత్తిమీదికి వస్తుంది. మొదటిసారి ఐరన్‌మ్యాన్ 70.3 ట్రయథ్లాన్ రేసు దూరానికి, అంటే 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, 21.1 కిలోమీటర్ల పరుగుకు తయారయ్యేవాళ్లు మూడు నాలుగు గంటల రైడ్లు ఈ ఎండల్లోనే చేయాలి. బాటిల్‌లో ఏం పోసుకోవాలన్న ప్రశ్నకు దగ్గర్లో దొరికే జవాబు మెడికల్ షాపులోని ఓఆర్‌ఎస్ పొడి. ఎలక్ట్రాల్ లాంటి 21.8 గ్రాముల ప్యాకెట్ గురించే ఈ రివ్యూ. ధర ఇరవై రూపాయల పైచిలుకు. ఊరూరా దొరుకుతుంది.

ముందు ప్యాకెట్ వెనక చదవాలి. లీటరు నీళ్లకు సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5, సోడియం సిట్రేట్ 2.9, గ్లూకోజ్ 13.5 గ్రాములు అని ఉంటేనే అది ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా. 2002లో పాత ఫార్ములాలోని ఉప్పు, గ్లూకోజ్ రెండూ తగ్గించి దీన్ని ఖాయం చేశారు. గాఢత లీటరుకు 311 నుంచి 245 మిల్లీఆస్మోల్స్‌కు దిగింది. అందుకే పేగు దీన్ని తేలిగ్గా పీల్చుకుంటుంది. అదే అరలో రంగురంగుల డబ్బాల్లో దొరికే తియ్యటి డ్రింకులు వేరే సరుకు. వాటిలో చక్కెర చాలా ఎక్కువ, సోడియం చాలా తక్కువ. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, ఈ ఫార్ములా లేని డ్రింకుల మీద ఓఆర్‌ఎస్ అన్న మాట వాడొద్దని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. పిల్లల ప్రాణాల కోసం జరిగిన పోరాటమది. దాని మేలు మనకూ దక్కింది. అయినా పేరు చూసి కాదు, ఆ నాలుగు అంకెలు చూసి కొనండి.

ఇప్పుడు అసలు లెక్క. ఒక ప్యాకెట్ లీటరు నీళ్లలో కలిపితే అందులో సోడియం సుమారు 1,725 మిల్లీగ్రాములు. చెమటలో పోయే సోడియం మనిషిని బట్టి లీటరుకు 400 నుంచి 1,500 మిల్లీగ్రాముల దాకా, కొందరిలో ఇంకా ఎక్కువే ఉంటుంది. రైడ్ అయ్యాక జెర్సీ మీద, హెల్మెట్ పట్టీల మీద తెల్లటి ఉప్పు చారలు కడితే మీరు రెండో కొసకు దగ్గరున్నట్టే. ఉప్పు విషయంలో ఈ ప్యాకెట్‌కు వంక పెట్టలేం. కానీ లీటరు మొత్తం తాగినా గ్లూకోజ్ 13.5 గ్రాములే, అంటే 54 కేలరీలు. లాంగ్ రైడ్‌లో కాళ్లకు గంటకు 60 గ్రాముల పిండిపదార్థమైనా అందాలి. ఓఆర్‌ఎస్ ఒక్కటే నమ్ముకుని బయలుదేరినవాళ్లు మూడో గంటలో ఒక్కసారిగా చతికిలపడేది ఇందుకే. కళ్లు తిరిగితే ఉప్పు తగ్గిందనుకుని ఇంకో ప్యాకెట్ కలుపుకుంటారు. అప్పుడు తగ్గింది చక్కెర.

దీనికి మందు ఇంట్లోనే ఉంది. 750 మి.లీ. బాటిల్‌కు కొలత ఇది. ఒక ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో కలిపి మూల ద్రావణం చేసి పెట్టుకోండి. బాటిల్‌లో ముందు 60 గ్రాముల మామూలు చక్కెర వేసి, అందులో మూల ద్రావణం 375 మి.లీ. పోసి బాగా ఊపండి. కరిగాక మిగతాది మంచినీళ్లతో మెడ దాకా నింపండి. నీళ్లు ముందే నింపేస్తే చక్కెరకు చోటు చాలదు, 60 గ్రాములకే దాదాపు 40 మి.లీ. జాగా పడుతుంది. ఇలా చేసిన బాటిల్‌లో పిండిపదార్థం 65 గ్రాములు, సోడియం 650 మిల్లీగ్రాములు. ఒక గంటకు ఒక బాటిల్. చక్కెరను చెంచాలతో కాకుండా కిచెన్ స్కేలు మీద తూచండి. చెంచా అంచుకు సమంగా నింపారా, గోపురంలా పోశారా అన్నదాన్ని బట్టి 20 గ్రాములు అటూఇటూ పోతుంది.

పొడిని సగం సగం పంచి వాడొద్దు. ప్యాకెట్‌లో ఉప్పు, గ్లూకోజ్ గింజలు ఒకే సైజులో ఉండవు. ఒక సగంలో ఉప్పు, ఇంకో సగంలో తీపి ఎక్కువ పడొచ్చు. పొడి మొత్తం కరిగించి నీళ్లుగా పంచితే ఈ తేడా రాదు. కలిపిన ద్రావణం 24 గంటలు దాటితే పారబోయాలి.

చక్కెరే ఎందుకంటే, అందులో సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్. పేగులో రెండింటికీ వేర్వేరు దారులు. గ్లూకోజ్ దారి గంటకు 60 గ్రాముల దగ్గర నిండిపోతుంది. ఆ పైన ఒట్టి గ్లూకోజ్ పొడి ఎంత కలిపినా కడుపులోనే నిలిచి ఉబ్బరం చేస్తుంది. చక్కెరైతే రెండు దారులూ వాడుకుంటుంది. కానీ మొదటి వారమే 60 గ్రాములకు పోవద్దు. 30, 40 దగ్గర మొదలుపెట్టి వారానికో పది గ్రాములు పెంచండి. కాళ్లకు ఎంత సాధన కావాలో కడుపుకూ అంతే కావాలి. వాంతి వచ్చినట్టుంటే ముందు వేగం తగ్గించి, ఒట్టి నీళ్లు నాలుగు గుక్కలు తాగి, పది నిమిషాల తర్వాత మళ్లీ ఈ బాటిల్ పట్టుకోండి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ చక్కెర కలిపిన మిశ్రమం విరేచనాలైనవాళ్లకు, పిల్లలకు ఇవ్వకూడదు. వాళ్లకు ప్యాకెట్ మీద రాసినట్టే, లీటరుకు ఒకటి, ఇంకేమీ కలపకుండా. బీపీ, కిడ్నీ సమస్యలున్నవాళ్లు డాక్టర్ని అడగకుండా ఈ ఉప్పు, పొటాషియం జోలికి పోవద్దు. ఆశ వర్కర్ల దగ్గర ఉచితంగా దొరికే ప్యాకెట్లు కూడా ట్రైనింగ్‌కు తెచ్చుకోవద్దు. అవి పసిపిల్లల వాటా.

గంటకు ఒక బాటిల్ మీకు చాలుతుందో లేదో తెలియాలంటే చెమట లెక్క చూసుకోవాలి. బట్టల్లేకుండా బరువు చూసుకుని గంట రైడ్ చేసి, ఒళ్లు తుడుచుకుని మళ్లీ చూసుకోండి. 70 కిలోల మనిషి అర లీటరు తాగి కూడా 69కి దిగితే గంటకు లీటరున్నర చెమట పోయిందన్నమాట. ఎండలో ఒకసారి, చల్లటి పూట ఒకసారి చూడండి, రెండు అంకెలూ వేరుగా వస్తాయి. లోటును ఒట్టి నీళ్ల బాటిల్‌తో కొంత పూడ్చాలి గానీ మొత్తం పూడ్చాలని పట్టుబట్టొద్దు. రైడ్ తర్వాత బరువు పెరిగితే అది ప్రమాదం. నీళ్లు ఎక్కువై రక్తంలో సోడియం పలచబడితే తలనొప్పి, వాంతులతో మొదలై స్పృహ తప్పేదాకా పోతుంది. ఓఆర్‌ఎస్ తాగుతున్నాం కదా అని ఈ ప్రమాదం తప్పదు.

రుచి దగ్గరే ప్యాకెట్ ఓడిపోతుంది. చల్లగా ఉన్నంతసేపు బాగానే ఉంటుంది. బాటిల్ వేడెక్కాక ఆరెంజ్ వాసన, ఉప్పు విడివిడిగా నాలుకకు తగిలి గుక్క దిగదు. రెండు బాటిళ్లలో ఒకదాన్ని రాత్రే ఫ్రీజర్‌లో మూడొంతులు గడ్డకట్టించి రెండో గంటకు దాచుకోండి. నకిరేకల్ నిమ్మకాయ అరచెక్క పిండితే ఆ మందు వాసన చాలావరకు పోతుంది. దారిలో బత్తాయి రసం, కొబ్బరినీళ్లు తాగడం మంచిదే, కానీ వాటిని ఉప్పు లెక్కలో వేయొద్దు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. బత్తాయిలో సోడియం దాదాపు లేనట్టే.

నీళ్ల విషయంలో నల్గొండ వైపు ఇంకో జాగ్రత్త. దారి పక్క బోరింగు నీళ్లతో బాటిల్ నింపొద్దు. ఆ నీళ్లలో ఉండే ఫ్లోరైడ్ ఓఆర్‌ఎస్‌తో పోదు, మరిగించినా పోదు. లాంగ్ రైడ్ రోజు నాలుగైదు లీటర్లు తాగే మనిషి ఇది తేలిగ్గా తీసుకోకూడదు. మిషన్ భగీరథ నల్లా నీళ్లో, వాటర్ ప్లాంట్ నీళ్లో పట్టుకోండి.

ప్యాకెట్ తన పూర్తి విలువ చూపేది రైడ్ అయ్యాక. ఇంటికొచ్చి చూస్తే కిలో బరువు తగ్గిందనుకోండి, వచ్చే నాలుగైదు గంటల్లో లీటరున్నర దాకా తాగాలి. అందులో మొదటి లీటరు చక్కెర కలపని, నీళ్లు పెంచని ఓఆర్‌ఎస్. ఒట్టి నీళ్లయితే చాలావరకు మూత్రంలో పోతాయి, ఈ ఉప్పు వాటిని ఒంట్లో నిలుపుతుంది. పక్కన జొన్న గటక, ఉప్పేసిన మజ్జిగ ఉంటే ఇంకేం కావాలి.

రేసు రోజుకు, ముఖ్యంగా 70.3 రేసుకు గోవా పోయేవాళ్లకు: అక్కడ ఉక్కపోత వల్ల చెమట ఆరదు, కారుతుంది. మన పొడి ఎండల్లో తీసిన లెక్క తక్కువ చూపొచ్చు. ముందు రోజే అక్కడ ఒకసారి చూసుకోండి. సైకిల్ మీద మూడున్నర గంటలు పట్టేవాళ్లు మొదటి బాటిల్ మామూలు కొలతతో, రెండోది చిక్కగా చేసుకోవచ్చు: 650 మి.లీ. మూల ద్రావణంలో 120 గ్రాముల చక్కెర. అది రెండు గంటల సరుకు. దాన్ని ఒక్కటే తాగితే కడుపు పట్టేస్తుంది, ప్రతి గుక్కకు దారిలో నిర్వాహకులు పెట్టే ఎయిడ్ స్టేషన్ నీళ్లు రెండు గుక్కలు పడాలి. ఇంట్లో ఒక్కసారైనా మూడు గంటల రైడ్‌లో పరీక్షించకుండా ఈ చిక్కటి బాటిల్ రేసుకు తీసుకుపోవద్దు. పరుగులో మాత్రం ఈ ప్యాకెట్‌కు పెద్ద పని లేదు, స్టేషన్లలో ఇచ్చేదే తాగాలి. అందుకే నిర్వాహకులు ఏ డ్రింకు ఇస్తారో ముందే కనుక్కుని, ఇక్కడే దాంతో రెండు మూడు పరుగులు తీయండి.

ఇంటికి రాగానే సైకిల్ కడగండి. మూత దగ్గర నుంచి కారిన చుక్కలు బాటిల్ కేజ్ బోల్టుల చుట్టూ జిగటగా ఎండి, రాత్రికి చీమలు పడతాయి. నెల తిరక్కముందే ఉప్పుకు బోల్టు తలలు ఎర్రబారతాయి. హ్యాండిల్ స్టెమ్ కింద చెమట కారే చోటా ఇదే సంగతి. తడిగుడ్డతో తుడిచి, నెలకోసారి బోల్టులు విప్పి కొద్దిగా గ్రీజు పెట్టి బిగించాలి. బాటిల్ మూత నోటి భాగాన్ని ఊడదీసి బ్రష్‌తో రుద్దాలి. అందులో పేరుకున్న నల్లటి బూజు బయటికి కనిపించదు.