పాప ఒళ్లు కమలకుండా కాపాడిన రాషీ సూట్: నూసాలో ఎనిమిది రోజులు వాడాక

ముందే చెప్పేస్తాను. మీ ఇంట్లో బాగా తెల్లటి ఒళ్లున్న పిల్లలుంటే, వేసవి సెలవులకి బీచ్‌కి వెళ్లే ఆలోచన ఉంటే, సన్‌స్క్రీన్ కంటే ముందు ఈ డ్రెస్ కొనండి. మణికట్టు దాకా చేతులు, చీలమండల దాకా కాళ్లు, మెడ చుట్టూ పైకి లేచిన కాలర్, ముందువైపు జిప్, పైనా కిందా కలిపి ఒకే ముక్కగా కుట్టిన ఈత డ్రెస్. ఆస్ట్రేలియాలో ఒక్క చొక్కా మాత్రమే అయితే రాషీ అంటారు, మేం దీన్ని రాషీ సూట్ అనేస్తున్నాం. 45 డాలర్లు పెట్టాను. పెద్ద పేరున్న కంపెనీది కాదు, మాకు దగ్గర్లో ఉన్న మామూలు షాపులో కొన్నదే. కంపెనీ పేరు కన్నా లోపల కుట్టిన లేబుల్ ముఖ్యం, దాని సంగతి కింద చెబుతాను.

మేం బ్రిస్బేన్‌లో ఉంటాం. మా ఆయన ఇక్కడే పుట్టారు, వాళ్ల ముత్తాతలు ఐర్లండ్ నుంచి వచ్చారు. పాపకి ఆరేళ్లు. కళ్లు నావి, చర్మం మాత్రం పూర్తిగా వాళ్ల నాన్నదే. ముక్కు మీదా బుగ్గల మీదా సన్నటి గోధుమరంగు చుక్కలు, జనవరి ఎండలో (ఇక్కడ అది నడివేసవి) పావుగంట నిలబడితే చాలు భుజాలు ఎర్రబడతాయి. నేను రాజమండ్రిలో పుట్టి పెరిగిన మనిషిని. మే నెలలో 44, 45 డిగ్రీల్లో సైకిల్ మీద ట్యూషన్‌కి వెళ్లాను. ఎండకి నల్లబడటం తెలుసు, వడదెబ్బ తెలుసు, కానీ ఎండకి ఒళ్లు కాలి పొట్టు ఊడటం అంటే ఏమిటో ఈ పిల్లని కనేదాకా తెలియదు.

పోయిన ఏడాది జనవరిలో గోల్డ్‌కోస్ట్ బీచ్‌లో అది కళ్లారా చూశాను. మబ్బు పట్టి ఉంది, 27 డిగ్రీలు, సముద్రం మీంచి చల్లగాలి, మన లెక్కలో అది ఎండే కాదు. ఎస్‌పీఎఫ్ (సన్‌స్క్రీన్ ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) 50 ప్లస్ అని రాసున్న సన్‌స్క్రీన్ స్ప్రే డబ్బా కొని పాప వీపుకీ చేతులకీ కొట్టాను, మామూలు బనియన్‌లాంటి ఈత డ్రెస్ వేశాను. రెండున్నర గంటలు ఆడుకుంది. సాయంత్రానికి భుజాలు ఎర్రబడ్డాయి, రాత్రి పది గంటలకి దుప్పటి తగిలినా ఏడుపు. పొద్దున్నకి ఎడమ భుజం మీద చిన్న చిన్న నీటి బొబ్బలు, పాపిట గీత పొడుగునా కమిలిపోయి ఎర్రటి దారంలా ఉంది. ఫోన్లో మా అమ్మ కొబ్బరి నూనె రాయమంది. డాక్టర్ మాత్రం కాలిన చర్మం మీద నూనె, నెయ్యి లాంటివి పెడితే వేడి లోపలే ఉండిపోతుంది, వద్దన్నారు. చల్లటి తడిగుడ్డలు వేశాం, బాగా నీళ్లు తాగించాం, నొప్పికి పారాసిటమాల్ ఇచ్చాం. వారం తర్వాత భుజం మీద పొట్టు ఊడొస్తుంటే ఆ పిల్ల దాన్ని పీకకుండా చూడటమే పెద్ద పనైంది.

అక్కడ నాకు అర్థమైన విషయం ఒకటుంది, మనవాళ్లు చాలామంది దీన్ని పట్టించుకోరు కాబట్టి రాస్తున్నా. ఒళ్లు కాలేది వేడికి కాదు, అతినీలలోహిత కిరణాలకి, అంటే యూవీకి. అది కంటికి కనపడదు, ఒంటికి తెలియదు, పల్చటి మబ్బుల్లోంచి కూడా చాలావరకు దిగిపోతుంది. ఇక్కడి వాతావరణ శాఖ రోజూ ఉష్ణోగ్రతతో పాటు యూవీ ఇండెక్స్ కూడా ఇస్తుంది. అది 3కి చేరితే ఒళ్లు కప్పుకోమంటారు, 11కి చేరితే తీవ్రాతితీవ్రం కింద లెక్క. మా వైపు జనవరి మధ్యాహ్నాల్లో 12, 13 మామూలే. ఇప్పుడు నేను పొద్దున్నే డిగ్రీలు చూడను, ఈ అంకె చూస్తాను.

ఇక డ్రెస్ సంగతి. లేబుల్ మీద యూపీఎఫ్ 50 ప్లస్ అనీ, ఎండ నుంచి కాపాడే బట్టలకి ఇక్కడున్న ప్రమాణం నంబరు 4399 అనీ ఉంది. యూపీఎఫ్ 50 ప్లస్ అంటే ఆ గుడ్డలోంచి నూటికి రెండు వంతులకి మించి యూవీ లోపలికి వెళ్లదని. క్రీమ్ కూడా ఎస్‌పీఎఫ్ 50 అయితే నూటికి 98 వంతులు ఆపుతుందని చెప్తారు కదా, మరి తేడా ఏముంది అని మా ఆయన కూడా అడిగారు. తేడా ఉంది. క్రీమ్ ఆ లెక్కకి తూగాలంటే పెద్దవాళ్లు ఒంటికంతా 35 మిల్లీలీటర్లు, అంటే ఏడు టీస్పూన్లు రాయాలి, బయటికి వెళ్లే ఇరవై నిమిషాల ముందే రాయాలి, రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి, టవల్‌తో తుడిస్తే మళ్లీ రాయాలి. ఒళ్లంతా ఇసుక అంటుకున్న ఆరేళ్ల పిల్లని పట్టుకుని రెండో విడత రాయడం ఎలా ఉంటుందో చేసినవాళ్లకే తెలుసు. గుడ్డకి ఆ గొడవ లేదు, తొడిగితే తొడిగినట్టే ఉంటుంది.

దానికి తోడు 2025 జూన్‌లో ఇక్కడి వినియోగదారుల సంస్థ ఛాయిస్ 20 సన్‌స్క్రీన్‌లని పరీక్ష చేయిస్తే 16 రకాలు డబ్బా మీద రాసినంత ఎస్‌పీఎఫ్ చూపించలేదు. ఆ వార్త చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. క్రీమ్ మానేయమని కాదు, తక్కువగా తేలినవి కూడా ఎంతో కొంత ఆపుతాయి. కానీ మొత్తం ఒంటి భారం క్రీమ్ మీద వేయకూడదని ఆ రోజే గట్టిగా అనుకున్నాను.

కాటన్ టీ షర్టు వేస్తే సరిపోదా అని అడిగేవాళ్లకి: సరిపోదు. పల్చటి తెల్ల కాటన్ టీ షర్టు యూపీఎఫ్ ఐదు దగ్గర్లో ఉంటుంది, తడిస్తే ఇంకా తగ్గుతుంది. ఈ సూట్ నైలాన్‌లో ఎలాస్టేన్ అనే సాగే దారం కలిపిన గుడ్డ, నేత చిక్కగా ఉంది, కిటికీ వెలుగుకి పట్టుకుని చూస్తే అవతల ఏమీ కనపడలేదు. కొనేటప్పుడు మీరూ అలా వెలుగుకి పట్టి, కొంచెం సాగదీసి చూడండి. పిల్లకి బాగా బిగుతైన సైజు తీసుకుంటే గుడ్డ సాగి రక్షణ తగ్గుతుంది. మేం ముదురు ఎరుపు తీసుకున్నాం. ముదురు రంగులు యూవీని ఎక్కువగా ఆపుతాయి, పైగా నీళ్లలో ఇరవై మంది పిల్లల మధ్య మా పిల్ల ఎక్కడుందో ఇట్టే తెలిసిపోతుంది.

మా రాష్ట్రంలోనే సముద్రం ఒడ్డునున్న ఊరు నూసా, అక్కడి మెయిన్ బీచ్‌లో ఈ సూట్‌ని ఎనిమిది రోజులు వాడాం. అది ఉత్తరం వైపు తిరిగి ఉండటం వల్ల అలలు నెమ్మదిగా ఉంటాయి, పిల్లలు నీళ్లలోంచి బయటికే రారు. రోజూ పొద్దున్న తొమ్మిది లోపు ఒక గంటన్నర, మళ్లీ నాలుగు దాటాక ఇంకొక గంట. ఎనిమిదో రోజు రాత్రి స్నానం చేయించేటప్పుడు ఒళ్లంతా వెతికి చూశాను. భుజాలు, వీపు, మోకాళ్ల వెనక, ఎక్కడా ఒక్క ఎర్రటి మచ్చ లేదు. మణికట్టు దగ్గర మాత్రం సన్నటి గీత, చేతివేళ్ల వెనక కొంచెం రంగు మారింది. డ్రెస్ ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మార్పు మొదలైంది, ఇంతకంటే రుజువు నాకేం కావాలి?

లోపాలూ ఉన్నాయి. తడిసిన సూట్ విప్పడం కష్టం, ఒకే ముక్క కాబట్టి బాత్రూమ్‌కి వెళ్లాలంటే మొత్తం విప్పాల్సిందే, రెండో రోజు పాప ఆపుకోలేక ఏడ్చేసింది. చిన్నపిల్లలకైతే చొక్కా, లెగ్గింగ్స్ విడివిడిగా తీసుకోవడమే మేలు. జిప్ పైకి లాగినప్పుడు గడ్డం కింద గుచ్చుకోకుండా చిన్న గుడ్డ మడత కుట్టారు, అది బాగుంది, కానీ జడ వేయకపోతే జుట్టు అందులో ఇరుక్కుంటుంది. కాళ్ల అంచు మడతల్లో ఇసుక దూరి గట్టిపడుతుంది, తిరగేసి మంచినీళ్లలో జాడించాలి. కూర్చునే చోట గుడ్డ కొంచెం నూగు లేచింది, హోటల్ పూల్ గట్టు గరుకుగా ఉండటం వల్లే అనుకుంటా. నీళ్లలోంచి బయటికి వచ్చాక ఉక్కపోస్తుంది, అందుకని గొడుగు నీడలోకి వెంటనే తీసుకొచ్చేవాళ్లం.

సూట్ కప్పని చోట్లకి క్రీమే దిక్కు. ముఖం, చెవులు, మెడ వెనక, అరచేతుల వెనక, పాదాల పైభాగం. పాదాల్ని అందరూ మర్చిపోతారు. ఈసారి స్ప్రే జోలికి పోలేదు, గాలికి సగం ఎగిరిపోతుంది, ఎంత పడిందో తెలియదు. జింక్ ఆక్సైడ్ ఉన్న చిక్కటి క్రీమ్ ట్యూబ్ తీసుకున్నాం, తెల్లగా పూత కనపడుతుంది, నాకైతే అదే నచ్చింది, ఎక్కడ రాయలేదో చూడగానే తెలుస్తుంది. ట్యూబ్‌ని కారులో వదిలేయకండి, 30 డిగ్రీల లోపు ఉంచమని దాని మీదే రాసి ఉంటుంది. పాపిటకి టోపీ. క్యాప్ కాదు, చుట్టూ అంచున్న టోపీ, క్యాప్ చెవుల్నీ మెడనీ కప్పదు. టోపీ లేకపోతే ఆటకి పంపం అని ఇక్కడి స్కూళ్లలో నియమం ఉంటుంది కాబట్టి పాప పేచీ పెట్టలేదు.

ఈ ట్రిప్‌కి అమ్మ కూడా వచ్చింది. మొదటి రోజు పాపకి సూట్ తొడుగుతుంటే, “ఏమిటే, పసిదానికి ఉక్క పెట్టి చంపుతావా, మన గోదావరి ఎండ ముందు ఇదొక ఎండా?” అని కోప్పడింది. తనేమో చీరలో, జాకెట్ చేతులు మోచేతి పైకి, తలమీద ఏమీ లేకుండా మూడు గంటలు ఒడ్డున కూర్చుంది, క్రీమ్ రాస్తానంటే నల్లవాళ్లకి ఎందుకే అంది. మన చర్మంలో రంగు ఎక్కువ కాబట్టి త్వరగా కాలదు, కానీ అసలు కాలదని కాదు. ఆ రాత్రి మెడ వెనకా ముంజేతులూ మండుతున్నాయని తనే తడిగుడ్డ అడిగింది. పాప వెళ్లి, “అమ్మమ్మా, చల్లగా ఉందా?” అంటూ గుడ్డ మార్చి మార్చి వేసింది.

ఐదుకి నాలుగున్నర ఇస్తాను, ఆ అర బాత్రూమ్ కష్టానికి తగ్గించాను. వచ్చే వేసవికి పాపకి సైజ్ 8, ఈసారి విడి ముక్కలు తీసుకుంటున్నా. పొడుగు చేతుల చొక్కా ఒకటి అమ్మకి కూడా, ముదురు నీలం, వదులుగా ఉండాలని తనే చెప్పింది.