రెడ్డింగ్ కాంపిటీషన్ సీటింగ్ డై: బుల్లెట్ నిటారుగా కూర్చోవాలంటే

అమెరికాలో రైఫిల్ తూటాలను సొంతంగా తయారుచేసుకునే షూటింగ్ పోటీదారులకు, న్యూయార్క్ రాష్ట్రంలోని రెడ్డింగ్ సంస్థ చేసే ఈ డైని (తూటా కొనన ఉండే బుల్లెట్‌ను, కేసు అనే ఇత్తడి గొట్టం మెడలోకి దింపి కూర్చోబెట్టే పరికరాన్ని) నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. దీని ప్రాణమంతా లోపల స్ప్రింగ్ ఆధారంగా జారే స్లీవ్ అనే తొడుగులోనే ఉంది; బుల్లెట్ మెడలోకి దిగడం మొదలవకముందే అది కేసునూ బుల్లెట్‌నూ ఒకే వరుసలో పట్టి ఉంచుతుంది. పైనున్న మైక్రోమీటర్‌తో లోతును గీతకు అంగుళంలో వెయ్యోవంతు చొప్పున మార్చుకోవచ్చు. తయారైన తూటాను వంకర కొలిచే గేజ్‌పై నెమ్మదిగా తిప్పినప్పుడు డయల్ ముల్లు 0.003 అంగుళాల లోపే కదిలితే అది మంచి ఫలితమే. అయితే పేలిన కేసును తిరిగి సరైన కొలతకు తెచ్చే సైజింగ్ డైలోని ఎక్స్‌పాండర్ బాల్ (మెడను లోపలి నుంచి వెడల్పు చేసే గుండు) వెనక్కి వస్తూ మెడను పక్కకు లాగేసి ఉంటే, ఆ వంకరను ఏ సీటింగ్ డై కూడా సరిచేయలేదు. కనుక ఖాళీ కేసు మెడనే ముందుగా గేజ్‌పై పరీక్షించాలి. మామూలు డై కంటే ధర బాగా ఎక్కువే గానీ, దూరపు లక్ష్యాలపై గురిపెట్టేవారికి అది దండగ ఖర్చు కాదు.