డంజన్స్ అండ్ డ్రాగన్స్ స్టార్టర్ సెట్: విజయనగరంలో మేడ మీద ఆడి చూశాం

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అంటే బల్ల చుట్టూ కూర్చుని ఆడే కథ ఆట: ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని ఏం చేస్తారో నోటితో చెబుతారు, అది కుదిరిందో లేదో డైస్ వేసి తేలుస్తారు. ముందు పెట్టె సంగతి. ఇది 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ స్టార్టర్ సెట్. తర్వాత కొత్తవి వచ్చాయి గానీ బావ బెంగళూరు నుంచి పట్టుకొచ్చింది ఇదే. లోపల 32 పేజీల రూల్స్ పుస్తకం, 64 పేజీల కథ పుస్తకం, తయారుగా ఉన్న ఐదు పాత్రల షీట్లు, ఆరు డైస్. పాత్రలకి నిలబెట్టే బొమ్మల్లేవు. గోబ్లిన్లకి (కథలో ఎదురుపడే చిన్న రాక్షసులు) చింతపిక్కలు పెట్టుకున్నాం, ఏ లోటూ రాలేదు.

అంతా ఇంగ్లీషే. కథ నడిపే డంజన్ మాస్టర్ (డీఎం) ముందే చదువుకుని తెలుగులో చెప్పగలిగితే మిగతావాళ్లు పుస్తకం ముట్టుకోనక్కర్లేదు. అయ్యకోనేరు దగ్గర మావయ్య వాళ్ల మేడ మీద ఆడాం, ఆయనే డీఎం. దారికి అడ్డంగా రెండు గుర్రాలు చచ్చిపడి ఉన్నాయి, ఒంటినిండా బాణాలు అని మొదలుపెట్టేసరికి అందరికీ టెన్షన్.

అసలు చిక్కు పాత్రల షీట్ల దగ్గర వస్తుంది. దాని మీద పెర్సెప్షన్ (గమనించడం), స్టెల్త్ (చప్పుడు కాకుండా నక్కడం), పెర్స్యుయేషన్ (ఒప్పించడం) అని వరసగా పేర్లు, పక్కన నంబర్లు ఉంటాయి కదా, కొత్తవాళ్లు ఆ పేర్లే అప్పజెప్పేస్తారు. "నాన్నా, నేను పెర్సెప్షన్ కొడతా" అని బావ డైస్ వేసేశాడు. పద్నాలుగు. సరే, ఎక్కడ చూశావు, దేనికోసం చూశావు? ఆ ముక్క చెప్పకపోతే మావయ్య మాత్రం ఏం చెప్తాడు? రూల్స్ ప్రకారం చుట్టూ ఏముందో డీఎం చెప్పాలి, తామేం చేస్తారో ఆడేవాళ్లు చెప్పాలి, ఏమయిందో మళ్లీ డీఎం చెప్పాలి. డైస్ కావాలో వద్దో తేల్చేదీ ఆయనే. మరదలు చక్కగా చెప్పింది: "బాణాలు ఎటునుంచి తగిలాయో చూసి, అటువైపు పొదల్లోకి రాయి విసురుతా." దానికి డైస్ కూడా అడక్కుండా మావయ్య గోబ్లిన్లని బయటికి రప్పించేశాడు.

మా తమ్ముడిది ఇంకో రకం. వాడి పాత్ర ఫైటర్, అంటే యోధుడు. ఎగిరాను, గాల్లో గిర్రున తిరిగాను, గోబ్లిన్ తల నరికేశాను అని డైస్ వేయకముందే ముగించేస్తాడు, తర్వాత డైస్ మీద మూడే పడుతుంది, అంటే దెబ్బ తగల్లేదన్నమాట, అప్పుడా తల మళ్లీ అతికించాలి. ఒరే, ప్రయత్నం వరకే నీది, తగిలిందని తేలాక ఎలా తగిలిందో చెప్పుకో! పైగా ఈ ఆటలో ఒక రౌండు అంటే సుమారు ఆరు సెకన్లు, ఆ కాస్త పనికి రెండు నిమిషాల వర్ణన చేస్తే మిగతా నలుగురూ ఫోన్లు తీస్తారు. తీశాం కూడా.

'నేను' అనాలా 'నా పాత్ర' అనాలా అని కాసేపు గొడవ పడ్డాం. ఈ ఆట పూర్తి రూల్స్ పుస్తకం, 2014 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ రెండూ సరేనంటుంది. అత్తయ్యకి ఆ గొడవే పట్టలేదు. బొబ్బిలి యుద్ధం బుర్రకథలో కథకుడు పాపారాయుడి గురించి చెబుతూ చెబుతూనే తనే పాపారాయుడైపోతాడు చూడండి, ఆవిడ తన పొట్టి పూజారి పాత్రని, అదే డ్వార్ఫ్ క్లెరిక్‌ని అచ్చం అలాగే ఆడింది: "వీడు గడ్డం నిమురుకుంటూ ముందుకెళ్లాడు... ఒరే గుంటడా, ఆ కత్తి కింద పెట్టు!" నాకు అంత నోరు లేదు. "ఊరి పెద్దకి దోపిడీ సంగతి చెప్పి, దారికి కాపలా పెట్టమని ఒప్పిస్తా" అంటాను, అంతే. అది చాలు కూడా. ఏం కావాలి, దానికి ఏం చేస్తున్నాను అన్న రెండూ అందులో ఉన్నాయి.

ఎగ్జాల్టెడ్ అని ఇంకో ఆట ఉంది, అందులో బాగా వర్ణిస్తే అదనంగా డైస్ ఇస్తారు. మా తమ్ముడి చేతిలో అది పడకూడదు. ఇక్కడ మావయ్య పద్ధతి నాకు నచ్చింది. ఉపాయం పరిస్థితికి అతికితే అడ్వాంటేజ్ ఇస్తాడు, అంటే ఇరవై ముఖాల డైస్ రెండు వేసి పెద్దది తీసుకోవడం. మాటలు ఎంత సోకుగా ఉన్నాయన్నది ఆయన పట్టించుకోడు.

కొనాలా అంటే, మీలో నడిపేవాళ్లు ఒకరు ఉంటేనే. బేసిక్ రూల్స్ నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి, ముందు అవి తిరగేయండి. తెప్పించుకుంటే మాత్రం ఇంకో డైస్ సెట్టు కలిపి ఆర్డర్ పెట్టండి, పెట్టెలో ఇరవై ముఖాలది ఒక్కటే ఉంటుంది, ఐదుగురి మధ్య అది ఎవరి చాప కింద ఉందో వెతుక్కోవడానికే సగం సాయంత్రం పోతుంది.