మెక్‌వారియర్ ఆన్‌లైన్‌లో మొదటి మెక్: హంచ్‌బ్యాక్ 4ఎస్‌పీ, ఏళ్ల వాడకం తర్వాత

బెంగళూరు పీజీల్లో, అద్దె ఫ్లాట్లలో ఉంటూ ఆఫీసు అయ్యాక ఈ ఆట మొదలుపెట్టే తెలుగువాళ్లందరూ మమ్మల్ని అడిగేది ఒకటే: చేతిలో ఉన్న కాసిని సీ-బిల్లులతో (ఆటలోని డబ్బు) ఏ మెక్ (లోపల కూర్చుని నడిపే భారీ యుద్ధ రోబో) కొనాలి? మా జవాబు ఇన్నేళ్లలో మారలేదు. 50 టన్నుల హంచ్‌బ్యాక్ కొనండి, అందులో 4ఎస్‌పీ రకం తీసుకోండి. కొన్నాక డబ్బు ముందు వేడి తగ్గించడం మీద, తర్వాత కాళ్ల వేగం మీద పెట్టండి. తుపాకుల సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు, ఎందుకంటే 4ఎస్‌పీతో వచ్చే ఆయుధాలే దాదాపు సరిపోతాయి.

ఆట తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. 2013 సెప్టెంబరులో విడుదలైంది, 2015 డిసెంబరులో స్టీమ్‌లోకి వచ్చింది, ఆడటం ఉచితం. అటు 12 మంది, ఇటు 12 మంది, మ్యాచ్‌కి 15 నిమిషాలు. మెక్ పడిపోతే ఆ మ్యాచ్‌లో మళ్లీ లేవదు. కాబట్టి బరిలోకి దిగేముందు మెక్‌ల్యాబ్‌లో (మెక్ భాగాలు మార్చుకునే చోటు) చేసిన పనే సగం ఆట.

ముందు ఒక జాగ్రత్త. కొత్త ఖాతాకి మొదటి 25 మ్యాచ్‌లకు కేడెట్ బోనస్, అంటే అదనపు సీ-బిల్లులు, వస్తుంది. ఆ 25 మ్యాచ్‌లూ ఆట అరువిచ్చే ట్రయల్ మెక్‌లతోనే ఆడి పూర్తిచేయండి. వాటిలో ఏమీ మార్చలేం, కానీ పైసా ఖర్చుండదు, నాలుగు బరువు తరగతులూ చేతికి అలవాటవుతాయి. ఐదో మ్యాచ్‌కే ఆగలేక ఏదో ఒకటి కొన్నవాళ్లు నష్టపోతారు, ఎందుకంటే అమ్మితే సగం ధరే తిరిగొస్తుంది.

తరగతుల విషయం: 20 నుంచి 35 టన్నులు లైట్, 40 నుంచి 55 మీడియం, 60 నుంచి 75 హెవీ, 80 నుంచి 100 అసాల్ట్. కొత్తవాళ్ల చూపు నేరుగా 100 టన్నుల అట్లాస్ మీద పడుతుంది. దాని 300 రేటింగు ఇంజిన్‌తో వేగం గంటకు 48.6 కిలోమీటర్లు. ఈ ఆటలో రెండు జట్లూ మ్యాపు నడిమి గుట్ట చుట్టూ గానుగెద్దుల్లా తిరుగుతాయి. ఆ తిరుగుడులో అట్లాస్ వెనకపడుతుంది, ఒంటరిగా దొరికిపోతుంది. ఇటు 20 టన్నుల లోకస్ట్ పరుగు బాగుంటుంది కానీ ఒక్క తప్పుకి కాలు ఊడుతుంది. మీడియం అయితే జట్టుతో పాటు నడవగలదు, ఒకటి రెండు తప్పులు తట్టుకోగలదు.

హంచ్‌బ్యాక్ అంటేనే గూనిది. 4జీ రకంలో కుడి భుజం మీది గూనిలో ఏసీ-20 ఫిరంగి ఉంటుంది. దాని దెబ్బ గట్టిదే కానీ బరువు 14 టన్నులు, 10 స్లాట్లు (మెక్ లోపల పరికరాలు పట్టే గళ్లు) తింటుంది. పాత ఆటగాళ్లు ఎదురుపడగానే ఆ గూనినే కొడతారు, అది పోతే 4జీకి మిగిలేది ఎడమ చేతి మీడియం లేజర్, తలలోని చిన్న లేజరే. 4పీ రకం గూనిలో లేజర్లు గుత్తిగా ఉంటాయి, దానిదీ అదే బలహీనత. 4ఎస్‌పీకి ఆ బెడద లేదు. ఎడమ మొండెంలో ఒక ఎస్‌ఆర్‌ఎమ్-6 (ఒకేసారి ఆరు దగ్గరి దూరపు క్షిపణులు వదిలే లాంచర్), కుడి మొండెంలో ఇంకొకటి, చేతికి రెండేసి మీడియం లేజర్లు, తలలో ఒక చిన్న లేజర్. ఏ పక్క పోయినా సగం బలం మిగులుతుంది. ఆయుధాల దూరం కూడా కలిసొచ్చింది: ఎస్‌ఆర్‌ఎమ్ 270 మీటర్లు, మీడియం లేజర్ 270 మీటర్లు. కొత్తవాళ్లు ఒక్క అంకె గుర్తుపెట్టుకుంటే చాలు. ఆ దూరం దాటితే ఎస్‌ఆర్‌ఎమ్ అసలు చేరదు, లేజర్ దెబ్బ తగ్గుతూ 540 దగ్గర సున్నా అవుతుంది.

ఇక అమరిక. షాపులోంచి వచ్చిన 4ఎస్‌పీని అలాగే బరిలోకి తీసుకెళ్లొద్దు. అది 64.8 కిలోమీటర్ల వేగంతో నడుస్తుంది, మూడు సాల్వోలకే (అన్నీ కలిపి ఒకసారి పేల్చడం ఒక సాల్వో) కాగిపోతుంది.

మొదటి ఖర్చు డబుల్ హీట్ సింకులు (వేడిని బయటికి పంపే పరికరాలు), 15 లక్షల సీ-బిల్లులు. ఇది పెట్టేదాకా ఇంకేదీ కొనొద్దు. ఇంజిన్ లోపలి సింకులు కూడా డబుల్ అయిపోతాయి, అందుకే అంత లాభం. రెండోది 250 స్టాండర్డ్ ఇంజిన్. 250 ఎందుకంటే, రేటింగును 25తో భాగిస్తే లోపల పట్టే సింకుల సంఖ్య వస్తుంది. 200లో ఎనిమిదే పడతాయి. మెక్‌కి కనీసం పది ఉండాలి కాబట్టి మిగతా రెండూ బయట పెట్టాలి, డబుల్ సింకు ఒక్కోటి మూడు స్లాట్లు తింటుంది. 250లో పదీ లోపలే సర్దుకుంటాయి. వేగం 81 కిలోమీటర్లకు పెరుగుతుంది (రేటింగును టన్నులతో భాగించి 16.2తో హెచ్చిస్తే వేగం తెలుస్తుంది, ఏ మెక్‌కైనా ఇదే లెక్క). మూడోది ఎండో స్టీల్ ఎముకల గూడు. 14 స్లాట్లు పట్టినా రెండున్నర టన్నులు మిగులుస్తుంది. తలలోని చిన్న లేజర్ తీసేసి మీడియం పెట్టండి.

లెక్క చూడండి. ఎండో గూడు 2.5 టన్నులు, 250 స్టాండర్డ్ ఇంజిన్ 18.5, ఆర్మర్ 10.5, ఎస్‌ఆర్‌ఎమ్-6 రెండూ కలిపి 6, మీడియం లేజర్లు ఐదూ కలిపి 5, ఎస్‌ఆర్‌ఎమ్ మందుగుండు 2.5, బయటి డబుల్ సింకులు ఐదు అంటే 5. మొత్తం సరిగ్గా 50. స్లాట్లలో ఆరు ఖాళీగా మిగులుతాయి.

ఈ ఆరు స్లాట్ల దగ్గరే చాలామంది పొరపాటు పడతారు. స్టాండర్డ్ బదులు ఎక్స్‌ఎల్ ఇంజిన్ పెడితే 6 టన్నులు కలిసొస్తాయి కదా అంటారు. నిజమే, 250 ఎక్స్‌ఎల్ 12.5 టన్నులే. కానీ ఇన్నర్ స్ఫియర్ (ఆటలోని పరికరాల కోవల్లో ఒకటి, హంచ్‌బ్యాక్‌దీ ఇదే) ఎక్స్‌ఎల్ రెండు పక్క మొండేల్లోనూ మూడేసి స్లాట్లు ఆక్రమిస్తుంది. ఆరు ఖాళీలూ దానికే సరి. టన్నులు మిగిలాయి, పెట్టుకోవడానికి చోటు లేదు. పైగా ఒక్క పక్క మొండెం పోయినా మెక్ చచ్చిపోతుంది. 2017లో వచ్చిన లైట్ ఫ్యూజన్ ఇంజిన్ అయితే పక్కకు రెండేసి స్లాట్లు, 3 టన్నుల ఆదా, ఒక పక్క పోయినా కుంటుతూ బతుకుతుంది. మంచి ఇంజినే, కానీ ఈ అమరికలో ఇంకో సింకుకి కావలసిన మూడు స్లాట్లు అదీ మిగల్చదు. కొత్తవాళ్లకి స్టాండర్డే మేలు. రెండు భుజాలూ ఊడిపోయాక కూడా తలలోని ఆ ఒక్క లేజర్‌తో పోరాడొచ్చు. అలా మిగిలిన 4ఎస్‌పీ కాలు విరిగిన శత్రువును పడగొట్టడం మేం చాలాసార్లు చూశాం.

ఆర్మర్ టన్నుకి 32 పాయింట్లు, కాబట్టి 10.5 టన్నులకు 336 వస్తాయి. 50 టన్నుల మెక్‌కి గరిష్ఠం 338, అంటే దాదాపు నిండినట్టే. నడిమి మొండెంకి 64 వస్తుంది, దాన్ని ముందు 56, వెనక 8గా పంచండి. పక్క మొండేలకు 48 చొప్పున, ముందు 42, వెనక 6. వెనక ఇంకా ఎక్కువ వేయాలనిపిస్తుంది కానీ వెనక దెబ్బలు తగులుతున్నాయంటే మీరు నిలబడ్డ చోటు తప్పు, ఆర్మర్ దాన్ని సరిచేయదు.

మందుగుండు రెండు టన్నులు కాళ్లలో, కాలికి ఒకటి. మిగతా అర టన్ను కూడా కాల్లోనే. చేతుల్లో, మొండెంలో పెడితే ఆర్మర్ పోయాక పేలి ఆ భాగాన్నే ఎగరగొడుతుంది. టన్నుకి 100 రాకెట్లు, రెండున్నర టన్నులకు 250. రెండు లాంచర్లూ కలిపి ఒకసారి 12 వదులుతాయి కాబట్టి 20 సాల్వోలు వస్తాయి. గురి చూసి కొడితే మ్యాచ్‌కి సరిపోతాయి. 400 మీటర్ల నుంచి ఆశ కొద్దీ వదిలేవాళ్లకి ఎంతున్నా చాలవు. క్షిపణుల గురి మెరుగుపరిచే ఆర్టెమిస్ జోలికి పోవద్దు. లాంచర్‌కి ఒక టన్ను, ఒక స్లాటు అదనంగా తీసుకుంటుంది, మందుగుండు కూడా వేరే కొనాలి.

ఆయుధాల గుంపులు: ఒకటిలో చేతి లేజర్లు నాలుగు, రెండులో ఎస్‌ఆర్‌ఎమ్‌లు, మూడులో తల లేజర్. ఒకే రకం ఆయుధాలు పరిమితికి మించి ఒక్కసారే పేలిస్తే అదనపు వేడి పడుతుంది, ఆటగాళ్లు దీన్ని గోస్ట్ హీట్ అంటారు. ఐదు మీడియం లేజర్లకు ఆ భయం లేదు. తమ ఎనిమిది మీడియం లేజర్లూ ఒకేసారి నొక్కే 4పీ వాళ్లు మాత్రం గుంపుకీ గుంపుకీ అర సెకను పైన ఎడం ఇవ్వాలి. వేడి నూరు శాతం దాటితే మెక్ ఆగిపోతుంది. 'ఓ' (O) కీ నొక్కి ఆపకుండా నడిపించవచ్చు కానీ లోపల దెబ్బతింటుంది. టెర్రా థెర్మా, కాస్టిక్ వ్యాలీ వేడి మ్యాపులు, అక్కడ లేజర్ల గుంపు తగ్గించి ఎస్‌ఆర్‌ఎమ్ మీద ఎక్కువ ఆధారపడండి. ఆల్పైన్ పీక్స్ చలిది, వేడి గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు, కానీ మైదానం విశాలం కాబట్టి 270 మీటర్ల లోపలికి చేరడమే కష్టం. 4ఎస్‌పీకి బొత్తిగా నప్పని మ్యాపు అదే.

కాల్చగానే మొండెం పక్కకు తిప్పాలి. ఈ అలవాటు రానంతవరకు ఏ మెక్ కొన్నా ఒకటే. శత్రువు లేజర్ మీ గుండె మీద నిలవకుండా భుజాల మీదికి, చేతుల మీదికి జారాలి. 4ఎస్‌పీ రెండు పక్కలా సమానం కాబట్టి ఎటు తిప్పినా నష్టం లేదు. అందుకే దీన్ని నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి మెక్ మాకు దొరకలేదు.

ఎల్‌ఆర్‌ఎమ్ (దూరం వెళ్లే క్షిపణులు) గురించి ఒక్క మాట. 900 మీటర్ల దూరం, గోడ వెనక నిలబడి కొట్టొచ్చు, కొత్తవాళ్లకి భలే నచ్చుతుంది. ఇన్నర్ స్ఫియర్ ఎల్‌ఆర్‌ఎమ్ 180 మీటర్ల లోపల పనిచేయదు. లైట్ మెక్ ఒకటి దగ్గరికొస్తే అంతే. అంతకన్నా పెద్ద నష్టం, గురి, తిప్పడం, దాక్కోవడం ఏదీ నేర్చుకోకుండానే వంద మ్యాచ్‌లు గడిచిపోతాయి.

స్కిల్ పాయింట్లు మెక్‌కి 91 దాకా పెట్టొచ్చు. ముందు సర్వైవల్‌లో ఆర్మర్, ఆపరేషన్స్‌లో వేడి తగ్గించేవి, ఆ తర్వాత సెన్సర్స్‌లో రాడార్ డెప్రివేషన్ (మీరు చాటుకి వెళ్లగానే శత్రువు గురి తెగిపోయేలా చేసేది). ఫైర్‌పవర్ చివర్లో.

బెంగళూరు నుంచి ఆడేవాళ్లకి వేళలు ముఖ్యం. జనం పలుచగా ఉండే ఆట ఇది. యూరప్ సాయంత్రం ఎనిమిది అంటే మనకి చలికాలంలో అర్ధరాత్రి పన్నెండున్నర, అమెరికా తూర్పు తీరం సాయంత్రం ఎనిమిది అంటే ఉదయం ఆరున్నర. మూడు ప్రాంతాల సర్వర్లకూ టిక్ పెట్టి ఉంచండి, ఒక్క ఓషియానిక్‌కే పెడితే వెతుకులాటే మిగులుతుంది. పింగ్ ఎక్కువైనా స్థిరంగా ఉంటే అలవాటైపోతుంది, ఎగుడుదిగుడుగా ఉంటేనే కష్టం. పీజీ వైఫైలో రాత్రి పదింటికి అందరూ వీడియోలు పెడతారు కాబట్టి వీలైతే కేబుల్ లాగండి. మీడియం లేజర్‌ని దాదాపు సెకను పాటు లక్ష్యం మీద ఉంచాలి కాబట్టి మొదట కాస్త తప్పినా మధ్యలో సరిచేసుకోవచ్చు. ఏసీ-20కి ఆ అవకాశం లేదు, తప్పితే తప్పినట్టే. దూరపు సర్వర్లలో ఆడే మనకి 4ఎస్‌పీ నప్పడానికి ఇదీ ఒక కారణం. కరెంటు పోయే ప్రాంతమైతే రౌటర్‌కి చిన్న యూపీఎస్ పెట్టండి. తెగిపోతే మీ మెక్ బరిలో నిలువునా నిలబడిపోతుంది.

లోపాలు దాచం. పాత ఆటగాళ్లు ఎక్కువ, కొత్తవాళ్లు మొదటి నెల ఓడుతూనే ఉంటారు. మెక్‌ల్యాబ్ ఏదీ వివరించదు, పైన రాసిన స్లాట్ల లెక్క ఎక్కడా చెప్పదు. ప్యాచ్‌లతో ఒక్కో రకం ప్రత్యేక బలాలు మారుతుంటాయి, కొనేముందు ఆ మెక్ వివరాలు ఓసారి తెరిచి చూడండి.

రెండో మెక్ కొనే వేళకి సెంచూరియన్ సీఎన్9-ఏ చూడండి. అదీ 50 టన్నులే. నడిమి మొండెంలో రెండు లేజర్లు, ఎడమ చేతిలో ఆయుధం లేదు కాబట్టి దాన్ని డాలులా అడ్డం పెట్టొచ్చు. 4ఎస్‌పీలో నేర్చుకున్న తిప్పుడు అక్కడ యథాతథంగా పనికొస్తుంది, స్టాండర్డ్ ఇంజిన్ నియమం కూడా.