డెబియన్‌లో కెర్నల్ మార్చడం: షాపులో ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

ఒంగోలు కర్నూలు రోడ్డులో మాది డీటీపీ, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు. వేలిముద్రల మిషన్ తగిలించిన ఒక్క సిస్టమ్‌లో విండోస్ ఉంచాం, మిగతావన్నీ డెబియన్ 10 కాలం నుంచి డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మీదే నడుస్తున్నాయి. అంటే కెర్నల్ (హార్డ్‌వేర్‌ను నడిపించే, సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం) 4.19తో మొదలుపెట్టి 5.10, 6.1 మీదుగా ఇప్పుడు డెబియన్ 13తో వచ్చిన 6.12 దాకా వచ్చాం, మధ్యలో బ్యాక్‌పోర్ట్స్ కెర్నళ్లు, అంటే పాత విడుదలకు సరిపడేలా ఇచ్చే కొత్త కెర్నళ్లు కూడా వాడాం. చుట్టుపక్కల వాళ్ల లాప్‌టాప్‌లు రిపేరుకు మా దగ్గరికే వస్తాయి కాబట్టి మా సిస్టమ్‌లవే కాకుండా వాళ్ల అవస్థలు కూడా చూస్తూనే ఉన్నాను.

డెబియన్ మొత్తం మీద సమీక్ష కాదిది. జనం ఎక్కువ టెన్షన్ పడే ఒక్క పని గురించే: కెర్నల్ మార్చేటప్పుడు ప్యాకేజీలు ఒకదానికొకటి అడ్డం పడతాయే, అది డెబియన్‌లో ప్యాకేజీలు దించి వేసే ఆప్ట్ ఎంతవరకు తేలుస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది అని. నా మాట ముందే చెప్పేస్తా. కెర్నల్ వరకైతే వంక పెట్టడానికి లేదు. తలనొప్పంతా మనం బయటి నుంచి తెచ్చి తగిలించిన డ్రైవర్లతోనే.

డెబియన్‌లో కెర్నల్ ప్యాకేజీ పేరులోనే వెర్షన్ ఉంటుంది, లినక్స్-ఇమేజ్-6.1.0-18-ఏఎండీ64 అన్నట్టు. అందుకని కొత్త కెర్నల్ వచ్చి పాతదాన్ని తుడిచేయదు, పక్కనే వేరే ప్యాకేజీగా దిగుతుంది, పాతది సిస్టమ్ ఆన్ కాగానే వచ్చే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ కింద అలాగే ఉంటుంది. కొత్తది బూట్ కాకపోతే పాతదాంట్లోకి వెళ్లి తీరిగ్గా చూసుకోవచ్చు, కస్టమర్లు ఎదురుగా నిలబడి ఉన్నప్పుడు దీని విలువ ఏంటో షాపు నడిపేవాళ్లకే తెలుస్తుంది. ఆ కొత్తదాన్ని లాక్కొచ్చేది లినక్స్-ఇమేజ్-ఏఎండీ64 అనే మెటా ప్యాకేజీ. దాని లోపల సరుకేమీ ఉండదు, 'ఇప్పుడున్న తాజా కెర్నల్ కావాలి' అనే డిపెండెన్సీ (ఫలానా ప్యాకేజీ కూడా ఉండాలనే షరతు) తప్ప. ఎవరో పుణ్యాత్ముడు అనవసరమని అది తీసేసిన సిస్టమ్‌లు మా దగ్గరికి వస్తుంటాయి. "వారం వారం అప్‌డేట్ చేస్తూనే ఉన్నానన్నా" అంటాడు మనిషి, నిజంగానే చేస్తుంటాడు, కానీ కెర్నల్ మాత్రం ఇన్‌స్టాల్ చేసిన రోజుదే.

దీనికి తోడు ఆప్ట్‌లో మూడు రకాల అప్‌గ్రేడ్‌లు. పాత ఆప్ట్-గెట్ అప్‌గ్రేడ్ కొత్త పేరున్న ప్యాకేజీని దించదు, కాబట్టి కెర్నల్ దగ్గరికొచ్చేసరికి 'కెప్ట్ బ్యాక్' (ఆపి ఉంచాను) అని చెప్పి ఊరుకుంటుంది. ఆప్ట్ అప్‌గ్రేడ్ కొత్తవి దించుతుంది గానీ ఉన్నదాన్ని తీయదు. ఫుల్-అప్‌గ్రేడ్ అవసరమైతే తీసేయడానికి కూడా సిద్ధపడుతుంది. కెప్ట్ బ్యాక్ కనబడగానే ఏదో చెడిపోయిందని కంగారుపడి, నెట్‌లో దొరికిన ఆరు కమాండ్లు వరసగా కొట్టేవాళ్లే ఎక్కువ, అసలు చెడేది అప్పుడు.

మా షాపు కుర్రాడు టంగుటూరు నుంచి వస్తాడు, చురుకైనవాడే, కాకపోతే ప్రశ్న కనబడితే చాలు వై నొక్కేస్తాడు. ఒకసారి ఫుల్-అప్‌గ్రేడ్ కొట్టి నా వైపు తిరిగాడు.

"అన్నా, తీసేసే లిస్టు చాలా పెద్దగా ఉంది."

"ఏమేం తీసేస్తానంటోందో చదువు."

"నెట్‌వర్క్ మేనేజర్, గ్నోమ్ షెల్, ఇంకా..."

"నొక్కమాకు రా, ఎన్ కొట్టు."

చూస్తే, ప్యాకేజీలు ఎక్కడి నుంచి దించాలో ఆప్ట్‌కు చెప్పే సోర్సెస్ ఫైల్లో లైన్లు డెబియన్ 12వి, ఒకటి మాత్రం టెస్టింగ్‌ది, అంటే ఇంకా విడుదల కాని వెర్షన్‌ది. ఏదో ఫాంట్ కోసం ఎవరో చేర్చి వదిలేశారు. ఆప్ట్ తప్పేమీ లేదు, ఇచ్చిన లైన్లను బట్టి లెక్క కట్టి చూపించింది, పైగా అడిగి ఆగింది. ఆ లైన్ తీసేసి ఆప్ట్ అప్‌డేట్ చేస్తే లిస్టులో రెండు కెర్నల్ ప్యాకేజీలే మిగిలాయి. డెబియన్ 13లో ఆప్ట్ 3.0 వచ్చాక తీసేసేవి ఎర్ర రంగులో చూపిస్తోంది. చిన్న మార్పే, కానీ మా వాడికి మాత్రం చాలా పనికొచ్చింది.

ఇక అసలు గొడవ డీకేఎంఎస్‌ది. మా సిస్టమ్‌లు కొన్నింటికి యూఎస్‌బీ వైఫై డాంగుల్స్ ఉన్నాయి, 8821సీయూ చిప్‌వి, చవగ్గా దొరికేవి. 5.10 కెర్నల్‌లో ఆ చిప్‌కు డ్రైవర్ లేదు. బయటి సోర్స్ తెచ్చి డీకేఎంఎస్‌లో పెట్టుకోవాలి, అది కొత్త కెర్నల్ దిగినప్పుడల్లా ఆ డ్రైవర్‌ను మళ్లీ కంపైల్ చేస్తుంది. కంపైల్ కావాలంటే ఆ కెర్నల్ హెడర్స్ (డ్రైవర్ తయారీకి కావాల్సిన కెర్నల్ ఫైళ్లు) ఉండాలి. ఇక్కడే అందరూ పడిపోయే గుంట ఉంది. ఏ వీడియో చూసినా లినక్స్-హెడర్స్ పక్కన యూనేమ్ మైనస్ ఆర్ పెట్టి ఇన్‌స్టాల్ చేయమంటారు. అంటే ఈ రోజు నడుస్తున్న కెర్నల్‌కు మాత్రమే హెడర్స్ వస్తాయి. రేపు సెక్యూరిటీ అప్‌డేట్‌లో కొత్త కెర్నల్ దిగుతుంది, దానికి హెడర్స్ ఉండవు, మాడ్యూల్ (కంపైల్ అయిన డ్రైవర్) తయారు కాదు, రీబూట్ చేయగానే వైఫై పోతుంది, హెడర్స్ దించుకుందామంటే నెట్ లేదు! ఫోన్‌ను కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే గండం గట్టెక్కుతుంది, లేదా పాత కెర్నల్‌లోకి బూట్ అవ్వాలి. మొదట్లోనే లినక్స్-హెడర్స్-ఏఎండీ64 మెటా ప్యాకేజీ వేసుకుంటే ఈ బాధే ఉండదు, ఇమేజ్‌తో పాటే హెడర్స్ కూడా కదులుతాయి.

హెడర్స్ ఉన్నా ప్రతిసారీ కంపైల్ అవుతుందని నమ్మకం లేదు. 11 నుంచి 12కు మారినప్పుడు, అంటే 5.10 నుంచి 6.1కు, పాత డ్రైవర్ సోర్స్ మొండికేసింది. దాంతో ఆప్ట్ తరఫున ప్యాకేజీలను వేసే డీపీకేజీ ఎర్రర్ ఇచ్చి కెర్నల్ ఇమేజ్‌ను, హెడర్స్‌ను సగంలో వదిలేసింది. అక్కడి నుంచి ఏ ప్యాకేజీ వేయబోయినా, చివరికి ఒక ఫాంట్ వేయబోయినా, అదే ఎర్రర్ పాట. చూసేవాళ్లకు ఇది డిపెండెన్సీ సమస్యలాగే కనిపిస్తుంది, ఫిక్స్-బ్రోకెన్ కొడతారు, మళ్లీ కొడతారు, ఏమీ కాదు, ఎందుకంటే విరిగింది డిపెండెన్సీ కాదు. చూడాల్సింది వార్ లిబ్ డీకేఎంఎస్ కింద ఆ డ్రైవర్ పేరు, వెర్షన్, బిల్డ్ ఫోల్డర్లలో ఉండే మేక్ డాట్ లాగ్. అందులో చివరి లైన్ చూసి లాభం లేదు, 'ఎర్రర్' అన్న మాట మొదటిసారి ఎక్కడ వచ్చిందో అది చూడాలి. అప్పుడు దొరికింది ఇదీ: సీఎఫ్‌జీ80211 ఛానల్ స్విచ్ నోటిఫై అనే ఫంక్షన్‌కు ఇచ్చిన ఆర్గ్యుమెంట్లు చాల్లేదని. కెర్నల్ వాళ్లు ఆ ఫంక్షన్‌కు ఇంకో ఆర్గ్యుమెంట్ చేర్చారు, బయటి డ్రైవర్ పాత లెక్కలోనే ఉంది.

దీనికి కెర్నల్ వాళ్లను తిట్టేవాళ్లు ఉన్నారు. మామూలు ప్రోగ్రామ్‌లు వాడే ఇంటర్‌ఫేస్‌ను చెడగొట్టం అని వాళ్లు మాటిచ్చారు, దాన్ని గట్టిగానే పట్టుకుని ఉన్నారు. లోపలి ఫంక్షన్ల విషయంలో మాత్రం అలాంటి మాటేమీ లేదు. ఇంటి ఓనరు గోడ జరిపితే తన సామాను తనే సర్దుకుంటాడు, అద్దెకున్నవాడి మంచం పట్టకపోతే అది వాడి గొడవ. కెర్నల్ సోర్స్‌లోనే ఉన్న డ్రైవర్లను, ఫంక్షన్ మార్చినవాళ్లే సరిచేసి పెడతారు. బయట ఉన్నవాటిని ఎవరూ పట్టించుకోరు.

అందుకే ఆ సోర్స్‌కు ప్యాచ్‌లు వేసుకుంటూ కూర్చోకుండా బ్యాక్‌పోర్ట్స్ వైపు వెళ్లాం. 6.2 నుంచి ఈ చిప్ యూఎస్‌బీ రకానికి కెర్నల్‌లోనే డ్రైవర్ ఉంది. డీకేఎంఎస్ రిమూవ్‌తో పాత మాడ్యూల్‌ను తీసేసి, డీపీకేజీ కన్ఫిగర్ మైనస్ ఏ కొట్టగానే సగంలో ఆగినవన్నీ పూర్తయ్యాయి. తర్వాత బుక్‌వార్మ్-బ్యాక్‌పోర్ట్స్ (బుక్‌వార్మ్ అంటే డెబియన్ 12) నుంచి ఇమేజ్, హెడర్స్ రెండు మెటా ప్యాకేజీలూ ఒకే కమాండ్‌లో, అక్కడి నుంచే రావాలని మైనస్ టీ పెట్టి వేశాం. ఒకటి అక్కడి నుంచి, ఒకటి ఇక్కడి నుంచి తీసుకుంటే ఇమేజ్ ఒక వెర్షన్, హెడర్స్ ఇంకో వెర్షన్ అయి కూర్చుంటాయి. హెడర్స్ ప్యాకేజీ తన వెర్షన్‌కు అచ్చంగా సరిపోయే కామన్ ప్యాకేజీనే అడుగుతుంది, పాయింట్ తేడా వచ్చినా ఒప్పుకోదు. ఫర్మ్‌వేర్ (చిప్ లోపల నడిచే ప్రోగ్రామ్) కూడా చూసుకోవాలి. డెబియన్ 12 నుంచి ఫర్మ్‌వేర్‌ను నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ అనే వేరే విభాగంలోకి మార్చారు. 11 నుంచి అప్‌గ్రేడ్ అయినవాళ్లు సోర్సెస్ ఫైల్లో ఆ మాట చేర్చకపోతే ఫర్మ్‌వేర్ పాతదగ్గరే ఆగిపోతుంది, ఆప్ట్ పెద్దగా గోల కూడా చేయదు.

బ్యాక్‌పోర్ట్స్‌లో నాకు నచ్చనిది ఒకటుంది. కొత్త కెర్నల్ రాగానే పాతది రిపోజిటరీలోంచి మాయమవుతుంది. ఇమేజ్ వేసుకుని హెడర్స్ తర్వాత చూద్దాంలే అని ఒకట్రెండు నెలలు ఆగితే, నడుస్తున్న కెర్నల్‌కు హెడర్స్ ఎక్కడా దొరకవు, 'అనేబుల్ టు లొకేట్ ప్యాకేజ్' అంటుంది. అప్పుడు ఇమేజ్‌ను కూడా కొత్తదానికి మార్చుకోవడమే దారి. డీకేఎంఎస్ అవసరం లేనివాళ్లకు ఇదంతా పట్టదనుకోండి.

స్టేబుల్ (కుదురుగా ఉండే విడుదల) అన్నారు కదా, మామూలు అప్‌డేట్‌లలో ఏమీ కాదనుకుంటే అదీ కాదు. 2024 ఫిబ్రవరిలో 12.5తో వచ్చిన 6.1.76 కెర్నల్ సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. జీపీఎల్ (సోర్స్ అందరికీ ఇవ్వాలనే లైసెన్స్) మాడ్యూళ్లకే వాడుకోనిచ్చే ఒక కెర్నల్ ఫంక్షన్‌ను, అన్ని డ్రైవర్లూ వాడే ఒక చిన్న ఫంక్షన్ లోపలి నుంచి పిలవడం మొదలైంది. దాంతో స్టేబుల్‌లో ఉన్న, జీపీఎల్ కిందికి రాని ఎన్విడియా 525 డ్రైవర్ కంపైల్ కావడం మానేసింది. మెటా ప్యాకేజీలన్నీ పద్ధతిగా ఉన్నవాళ్లకు కూడా కెర్నల్ సగంలో ఆగింది. సరిచేసిన డ్రైవర్ బుక్‌వార్మ్-అప్‌డేట్స్‌లోకి వచ్చింది, కానీ సోర్సెస్‌లో ఆ లైన్ లేనివాళ్లకు అందలేదు. అంతకు ముందు 2023 డిసెంబర్‌లో ఇంకొకటి: 12.3 కోసం పెట్టిన 6.1.64 కెర్నల్‌లో ఈఎక్స్‌టీ4 (డిస్క్‌లో ఫైళ్లు దాచే పద్ధతి) ఫైళ్లు పాడయ్యే లోపం బయటపడి, ఆ విడుదల ఆపి డిసెంబర్ 10న 6.1.66తో 12.4 ఇచ్చారు. ఆ వారం మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది, మాకు కరెంటూ సరిగా లేదు, నెట్టూ లేదు, అప్‌డేట్ ఊసే ఎత్తలేదు. తుపాను వల్ల మంచి జరిగిందని చెప్పుకోవడం అదొక్కసారే. అప్పటి నుంచి కెర్నల్ అప్‌డేట్ వస్తే ముందు ఒక్క సిస్టమ్‌లో వేసి, ఒకట్రెండు రోజులు చూశాకే మిగతావాటిలో వేస్తున్నాం.

కరెంటు అంటే గుర్తొచ్చింది, యూపీఎస్ బ్యాటరీ పోయిన సిస్టమ్‌లో కెర్నల్ అప్‌గ్రేడ్ పెట్టకండి. మధ్యలో ఆగితే డీపీకేజీ కన్ఫిగర్ కొడితే చాలాసార్లు కోలుకుంటుంది, ఇనిట్ర్యామ్‌ఎఫ్ఎస్ (బూట్ మొదట్లో కెర్నల్‌కు కావాల్సిన ఫైళ్ల మూట) తయారవుతుండగా పోతే మాత్రం పాత కెర్నలే దిక్కు.

బూట్ పార్టిషన్ విడిగా పెట్టుకున్నవాళ్లది ఇంకో రకం కష్టం. పాత రోజుల్లో 256 ఎంబీ ఇచ్చి వదిలేసిన సిస్టమ్‌లు ఇప్పటికీ ఉన్నాయి. డెబియన్ 13 రిలీజ్ నోట్స్‌లో అయితే 768 ఎంబీ ఉండాలి, అందులో 300 దాకా ఖాళీ ఉండాలి అంటున్నారు. నిండిపోతే కూడా ఆప్ట్ ఇచ్చేది ప్యాకేజీ ఎర్రరే, పైకి స్క్రోల్ చేస్తే 'నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్' ఎక్కడో మధ్యలో ఉంటుంది. ఆటోరిమూవ్ పర్జ్ కొట్టి పాత కెర్నళ్లు తీస్తే సరిపోతుంది, నడుస్తున్నది, దాని ముందుది ఉంచుకోండి.

చీమకుర్తిలో గ్రానైట్ ఆఫీసు లెక్కలు చూసే కుర్రాడొకడు ప్రతి కెర్నల్ అప్‌డేట్‌కూ లాప్‌టాప్ పట్టుకొచ్చేవాడు. పాత అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ కోసం వర్చువల్ మిషన్ నడుపుతాడు, దాని ప్రోగ్రామ్ బయటి రిపోజిటరీది, కెర్నల్ మారినప్పుడల్లా దాని డ్రైవర్ లోడ్ కాదు. కేవీఎంకు, అంటే లినక్స్‌కు సొంతమైన వర్చువల్ మిషన్ ఏర్పాటుకు మార్చి ఇచ్చాను. అది 2007 నుంచీ కెర్నల్‌లోనే ఉంది. ఇప్పుడు ఊరికే టీ తాగడానికి వస్తున్నాడు.

కాబట్టి ఎవరికి సిఫార్సు చేస్తానంటే, వైఫై, గ్రాఫిక్స్ రెండూ కెర్నల్ డ్రైవర్లతోనే నడిచే సిస్టమ్ ఉన్నవాళ్లకు నిశ్చింతగా. సామాను కొనేముందే చిప్ నంబర్ అడిగి చూసుకోండి, షాపువాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. సోర్స్ బయటపెట్టని గ్రాఫిక్స్ డ్రైవర్ తప్పనిసరి అయితే వాడుకోవచ్చు, కానీ కెర్నల్ వచ్చిన రోజే వేయకండి.

మాకు తేలకుండా మిగిలింది ఒక్క ప్రింటర్. డీటీపీ షాపులన్నింట్లో కనిపించే పాత లేజర్ రకం, దాని డ్రైవర్ 32 బిట్‌ది. దానికోసం ఐ386 (32 బిట్) లైబ్రరీలు వేసుకోవాలి. దాదాపు అన్ని ప్రోగ్రామ్‌లూ వాడే మూల లైబ్రరీ లిబ్‌సీ6లో 64 బిట్‌ది, 32 బిట్‌ది అచ్చంగా ఒకే వెర్షన్ ఉండాలి, ఒకటి ముందు కదిలి ఒకటి ఆగితే మొత్తం అప్‌గ్రేడ్ ఆగుతుంది. డెబియన్ 13లో 32 బిట్ కెర్నల్, ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేశారు గానీ లైబ్రరీలు ఇంకా ఉన్నాయి, పని చేయాలి. అయినా పెళ్లిళ్ల సీజన్‌లో శుభలేఖల పని పెట్టుకుని ఆ సిస్టమ్‌ను కదిలించే ధైర్యం చేయలేదు. అది 12 మీదే ఉంది, 2028 జూన్ దాకా ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు) అప్‌డేట్లు ఉన్నాయి కాబట్టి తొందరేమీ లేదు.