ఇద్దరు వెళ్లారు, ఇద్దరూ తిరిగి వచ్చారు: ఏ నవల మేలు?

ఇద్దరూ న్యూయార్క్ వెళ్లారు, ఇద్దరికీ గ్రీన్ కార్డు అందలేదు, చివరికి ఇద్దరూ తమంతట తామే ఇంటిముఖం పట్టారు. ఒకడు కామెరూన్‌లోని లింబే పట్టణంవాడు, జెండే జోంగా. ఇంకొకడు డార్జిలింగ్ దగ్గరి కాలింపాంగ్‌లో ఒక వంటవాడి కొడుకు బీజూ. మొదటివాడి కథ ఇంబోలో ఎంబ్వే రాసిన ‘బిహోల్డ్ ద డ్రీమర్స్’ (2016). రెండోవాడిది కిరణ్ దేశాయ్ ‘ది ఇన్‌హెరిటెన్స్ ఆఫ్ లాస్’, 2006లో బుకర్ బహుమతి పొందిన నవల. ముగింపులు దాచిపెట్టి ఈ రెంటినీ పోల్చడం నా వల్ల కాదు. తెలుసుకోవడం ఇష్టం లేనివారు ఇక్కడే ఆగిపోవచ్చు.

చదవడానికి ఎంబ్వేది సులువు. జెండే లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకులో పెద్ద ఉద్యోగి క్లార్క్ ఎడ్వర్డ్స్ దగ్గర కారు డ్రైవరు. ఏడాదికి 35,000 డాలర్లు. వెనక సీట్లో దొర మాట్లాడే ఫోను మాటలన్నీ చెవిన పడతాయి, పడనట్టే ఉండాలి. ఎక్కడా నోరు విప్పనని ముందే సంతకం చేశాడు. ధనిక, పేద అంటూ ఉపన్యాసం లేకుండా, రెండు సీట్ల మధ్య ఉన్న ఆ మూరెడు దూరంలోనే అంతా తెలిసిపోతుంది. 2008లో బ్యాంకు కూలింది. దొరకు వేరే బ్యాంకులో చోటు దొరికింది. డ్రైవరు మాత్రం దొరా దొరసానుల గొడవ మధ్య నలిగి పని పోగొట్టుకున్నాడు.

నాకు జెండే కంటే అతని భార్య నేని ఎక్కువ నచ్చింది. ఫార్మసిస్టు కావాలని నిద్ర మానుకొని చదివే ఆ మనిషే, మత్తులో ఒళ్లు తెలియకుండా పడివున్న దొరసానిని ఒకప్పుడు తీసిన ఫోటో అడ్డం పెట్టుకొని 10,000 డాలర్లు రాబడుతుంది. చదువుతున్నంతసేపూ ఆమెను తిట్టాలో మెచ్చుకోవాలో తేలలేదు. ఎడ్వర్డ్స్ కుటుంబంతోనే చిక్కు. డబ్బున్నవాళ్లకూ బాధలుంటాయని చూపడానికి తెచ్చిపెట్టినట్టుంటారు. తండ్రి సంపాదన వద్దన్న పెద్దకొడుకు చివరికి ఇండియాకు వస్తాడు! (ఎవరికి మోక్షం కావాలన్నా మనమేగా దొరికేది.)

దేశాయ్ నవలకు మొదట్లో ఓపిక పట్టాలి. నేపాలీ మాట్లాడేవాళ్లు ప్రత్యేక రాష్ట్రం కోసం 1980లలో చేసిన గూర్ఖాలాండ్ ఉద్యమం నుంచి 1939లో ఇంగ్లండు వెళ్లిన ఒక కుర్రవాడి దగ్గరకు కథ ఉన్నట్టుండి దూకుతుంది. ఆ కుర్రవాడే తర్వాత జడ్జి. ఒంటి రంగు దాచుకోవడానికి ముఖానికి పౌడరు అద్దుకుంటాడు. భార్య ఆ పౌడరు పఫ్ తీసుకుందని తెలిశాక ఎంత క్రూరంగా ప్రవర్తిస్తాడో చదివి పుస్తకం మూసేశాను. మర్నాడు గానీ మళ్లీ తెరవలేదు.

ఆ జడ్జి ఇంటి వంటవాడు, మా అబ్బాయి న్యూయార్క్‌లో హోటలు మేనేజరని కనిపించిన వారందరికీ చెప్పుకుంటాడు. ఆ మేనేజరు ఒక వంటగది నుంచి ఇంకో వంటగదికి మారుతూ దొరికిన చోట తల దాచుకుంటున్నాడు. ఫలానావారి అబ్బాయి వస్తున్నాడు, కాస్త చూసుకో అని తండ్రి ఉత్తరాలు మాత్రం ఆగవు. అక్కడ నాకు మా బావ గుర్తుకు వచ్చాడు. డాలస్‌లో కొడుకు పెట్రోలు బంకులో రాత్రి డ్యూటీ చేస్తుంటే, బావ నోట అది ‘సొంత వ్యాపారంలో భాగస్వామి’ అయింది.

గొడ్డుమాంసం వండే చోట ఇమడలేక, మనవాడి హోటలు కదా అని బీజూ గాంధీ కెఫేలో చేరతాడు. ఆ హోటలు యజమాని రాత్రిళ్లు అక్కడే పడుకోనిచ్చి, ఆ వంకన జీతం కోస్తాడు. వంటగదిలో జారిపడి బీజూ మోకాలు దెబ్బతింటే డాక్టరును పిలిపించడు. ఎంబ్వే నవలలో డబ్బున్నవాడు తెల్లవాడు, పరాయివాడు. కోపం తెచ్చుకోవడం తేలిక. ఇక్కడ కూలి ఎగ్గొట్టేవాడు మన భాషలోనే పలకరిస్తాడు. అందుకే ఒక్కటే చదివే తీరిక ఉంటే దేశాయ్‌దే చదవమంటాను.

ముగింపుల్లోనూ అంతే. జెండే లింబేలో స్థిరపడటానికి చాలినంత సొమ్ముతో దిగుతాడు. బీజూ కొనుక్కొచ్చినదంతా, ఒంటిమీది బట్టలతో సహా, దారిలో ఉద్యమం పేరు చెప్పుకునేవాళ్లు దోచుకుంటే, ఆడవాళ్ల నైటీ తొడుక్కొని తండ్రి ముందు నిలబడతాడు. జెండే డాలర్ల కంటే నేను ఆ నైటీనే నమ్మాను.

డాలస్‌లో ఉన్న మేనల్లుడికి మాత్రం ఎంబ్వేది పంపాను. దేశాయ్‌ది బావకు ఇచ్చాను. ఇంకా తెరిచినట్టు లేడు.